నెట్ వర్కు కార్డు విద్యుత్ ఆదా

నెట్ వర్కు కార్డు విద్యుత్ ఆదా అనగా కంప్యూటరును నెట్ వర్కుకు కలిపే కార్డు పనిలేకుండా ఉన్న సమయంలో వాడుకునే విద్యుత్తును, ఆ కార్డును నడిపే డ్రైవరు అనే సాఫ్ట్ వేరులో మార్పులు చేసి తగ్గించే పద్ధతి. ఒక్క కార్డుకు అయ్యే ఖర్చు స్వల్పమే. కాని ఆ ఖర్చు రాత్రింబవళ్ళు ఆగదు. కంప్యూటరును ఆపివేసినా, ప్లగ్గు వద్ద స్విచ్చి తీయకపోతే కొన్ని కార్డులు కొంత విద్యుత్తును తీసుకుంటూనే ఉంటాయి.

== ఖాళీగా ఉన్నా ఖర్చు ఎందుకు ==
సెకనుకు 10 మెగాబిట్ల పాత ఈథర్నెట్ లో సమాచారం లేనపుడు తీగ దాదాపు నిశ్శబ్దంగా ఉండేది. సుమారు 16 మిల్లీసెకన్లకు ఒకసారి, అవతలి వైపు సజీవంగా ఉన్నదీ లేనిదీ తెలియడానికి, ఒక చిన్న స్పందన మాత్రం వెళ్ళేది. 100 మెగాబిట్ల ఈథర్నెట్ వచ్చాక ఈ పరిస్థితి మారింది. రెండు వైపుల గడియారాలు ఒకే లయలో ఉండాలి కనుక, చెప్పవలసినది ఏమీ లేకపోయినా ఖాళీ సంకేతాలు నిరంతరంగా ప్రవహిస్తూ ఉండాలి. గిగాబిట్ వేగంలో తీగలోని నాలుగు జతలూ రెండు దిశలలో ఇదే పని చేస్తాయి. మహబూబ్ నగర్ జిల్లా జడ్చర్ల చౌరస్తాలో ప్రయాణికుల కోసం ఇంజను ఆపకుండా నిలిపి ఉంచిన ఆటోతో దీనిని పోల్చవచ్చు.

== డ్రైవరు పాత్ర ==
కార్డుకు పని ఉన్నదో లేదో ఆపరేటింగ్ సిస్టమ్ తరఫున తెలుసుకోగలిగేది డ్రైవరే. 1996లో వెలువడిన ఏసీపీఐ ప్రమాణం పరికరాలకు డీ0 నుండి డీ3 వరకు స్థితులను నిర్వచించింది. డీ0 పూర్తి మెలకువ, డీ3 గాఢనిద్ర. మొదట్లో కంప్యూటరు మొత్తం నిద్రలోకి వెళ్ళినపుడే కార్డు కూడా నిద్రించేది. కంప్యూటరు నడుస్తూ ఉండగానే ఒక్క పరికరాన్ని నిద్రపుచ్చే సాధారణ ఏర్పాటు లినక్సు కెర్నెలులో 2009 డిసెంబరులో విడుదలైన 2.6.32 సంచికతో వచ్చింది. రఫేల్ వైసాకీ దీని ప్రధాన రచయిత. 2010లో రియల్ టెక్ కార్డుల ఆర్8169, ఇంటెల్ కార్డుల ఈ1000ఈ డ్రైవర్లు దీనిని అందుకున్నాయి. కేబులు ఊడదీసిన కొన్ని సెకన్ల తరువాత డ్రైవరు కార్డును డీ3లోకి పంపుతుంది. కేబులు తిరిగి పెట్టగానే కార్డు ఒక సంకేతంతో డ్రైవరును లేపుతుంది. నిద్రలో కార్డులోని అమరికలు చెరిగిపోవచ్చు కాబట్టి డ్రైవరు వాటిని ముందుగా భద్రపరచి, లేచాక తిరిగి రాయాలి. డ్రైవర్లలో తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే. అందువల్ల లినక్సు సాధారణంగా ఈ సదుపాయాన్ని మూసి ఉంచి, తెరిచే నిర్ణయాన్ని వాడుకరికి వదిలివేసింది.

== ప్రాసెసరు నిద్ర ==
కార్డు తాను తినే విద్యుత్తు కంటే ప్రాసెసరును అనవసరంగా లేపడం వల్ల కలిగే నష్టం కొన్నిసార్లు ఎక్కువ. ఇంటెల్ డ్రైవర్లు కేబులు ఉన్నదా అని సుమారు రెండు సెకన్లకు ఒకసారి చూసేవి. 2007లో వెలువడిన పవర్ టాప్ అనే పనిముట్టు, ప్రాసెసరును ఏ కార్యక్రమం ఎన్నిసార్లు లేపుతున్నదో పేరుపేరునా చూపింది. ఇటువంటి తనిఖీలన్నీ ఒకే క్షణంలో జరిగేటట్లు డ్రైవర్లలో చిన్న సవరణలు చేశారు. పదిసార్లు లేవవలసిన ప్రాసెసరు ఒక్కసారి లేస్తే చాలు. ఖర్చు లేని ఇటువంటి సవరణలకు రావలసినంత పేరు రాలేదు.

== తీగకు విశ్రాంతి ==
2010 సెప్టెంబరులో ఆమోదం పొందిన ఐఈఈఈ 802.3ఏజెడ్ ప్రమాణం ఖాళీ సంకేతాల సమస్యను మూలంలోనే పరిష్కరించింది. పని లేనపుడు ప్రసారిణిని ఆపి, మధ్యమధ్య చిన్న సంకేతంతో లయను కాపాడుకుంటారు. గిగాబిట్ తీగ మేల్కొనడానికి 16.5 మైక్రోసెకన్లు పడుతుంది. అయితే తీగకు రెండు కొసలా ఈ సామర్థ్యం ఉండాలి. కొత్త కంప్యూటర్లు కొని పాత స్విచ్చినే ఉంచుకున్న చోట ప్రయోజనం సున్న. కొన్ని కార్డులలో దీనివల్ల సంబంధం తెగిపోతూ ఉండడంతో డ్రైవర్ల రచయితలే దీనిని ఆపివేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

వైర్ లెస్ కార్డులది వేరే పద్ధతి. అవి కునుకు తీస్తూ, సాధారణంగా 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి వచ్చే బీకనును విని, తమకు సమాచారం వేచి ఉంటేనే పూర్తిగా లేస్తాయి.

== ఒక లెక్క ==
జడ్చర్లలోని ఒక బడిలో 20 కంప్యూటర్లు ఏడాది పొడుగునా ప్లగ్గులోనే ఉన్నాయనుకుందాం. ఒక్కో కార్డు వద్ద ఒక వాట్ ఆదా అయితే, కంప్యూటరుకు 8.76 యూనిట్లు, మొత్తం సుమారు 175 యూనిట్లు మిగులుతాయి. కరెంటు పోయి ఇన్వర్టరు మీద నడిచే వేళ ఆ 20 వాట్లు బ్యాటరీ మీద భారాన్ని కొంత తగ్గిస్తాయి. వేసవి కోతలు చూసినవారికి ఇది చిన్న విషయం కాదు.

== అమర్చుకొనుట ==
దూరం నుండి కంప్యూటరును లేపే వేక్ ఆన్ లాన్ సదుపాయం వాడనివారు దానిని మూసివేయడం మొదటి మెట్టు. ఇది తెరిచి ఉంటే, 102 బైట్ల ప్రత్యేక పాకెట్టు కోసం ఎదురుచూస్తూ కార్డు పూర్తిగా నిద్రించదు. లినక్సులో ఈథ్ టూల్ ఆదేశంతో దీనిని చూసి మార్చవచ్చు. విండోస్ లో డివైస్ మేనేజరులో కార్డు పేరు మీద నొక్కితే కనిపించే పవర్ మేనేజ్ మెంట్ పుటలో ఈ అమరిక ఉంటుంది. మార్చిన తరువాత నెట్ వర్కు తరచు తెగిపోతుంటే పాత అమరికకే తిరిగి వెళ్ళి, కార్డు తయారీదారు ఇచ్చే కొత్త డ్రైవరును ప్రయత్నించాలి.