ధమని పనికి కుదిరిన సిర

1894 జూన్ 24న ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నోను లియాన్ నగరములో ఒకడు కత్తితో పొడిచెను. కాలేయమునకు పోవు పెద్ద సిర తెగెను. తెగిన రక్తనాళమును అతుకు విద్య అప్పటికి శస్త్రవైద్యులకు పట్టుబడలేదు. కొద్ది గంటలలో ఆయన మరణించెను. ఆ ఊరి వైద్యవిద్యార్థి అలెక్సిస్ కారెల్ మనస్సులో ఇది నాటుకొనెను. ఎంబ్రాయిడరీ పని తెలిసిన ఒక స్త్రీ వద్ద సన్నని సూదితో కుట్టుట నేర్చుకొని, నాళముల అంచులు కలిపి కుట్టు పద్ధతిని 1902లో ప్రకటించెను.

ధమనిలో కొంత భాగము పాడైన దానిని దేనితో పూరింపవలెను? చేతికందునది సిరయే. కాని ధమనిలో రక్తపీడనము సగటున 100 మిల్లీమీటర్ల పాదరసము; పడుకొనియున్న మనిషి కాలిసిరలో అది 10 ప్రాంతము. ఆ పల్చని గోడ ఇంత తాకిడికి నిలుచునా?

1905, 1906 సంవత్సరములలో కారెల్, చార్లెస్ గత్రీ షికాగోలో కుక్కల ధమనులలో సిరముక్కలు కుట్టి చూచిరి. అవి పగులలేదు సరిగదా, గోడలు మందమెక్కెను. 1906లోనే మాడ్రిడ్‌లో హోసే గోయానెస్ ఒక రోగి మోకాలి వెనుక ఉబ్బిన ధమనికి బదులు ప్రక్కసిరను వాడెను. 1948లో పారిస్‌లో జాన్ కున్లిన్ తొడధమనిలోని అడ్డు దాటుటకు కాలిసిరను వంతెనగా కుట్టెను. సిరలోని కవాటములు రక్తమును ఒకే దిశకు పోనిచ్చును గనుక ముక్కను తలక్రిందు చేసెను. 1967లో క్లీవ్‌లాండ్‌లో రెనే ఫావలోరో ఇదే ఉపాయమును గుండె ధమనులకు అన్వయించెను.

గోడ మందమెక్కుటకు కారణమేమి? నాళపు గోడపై పడు లాగుడు పీడనముతోను, వ్యాసార్ధముతోను పెరుగును; మందము హెచ్చినకొలది తగ్గును. లాగుడు సోకిన కండరకణములు వృద్ధిపొంది, లోపలిపొరకు చేరి, నారపదార్థమును పేర్చును. అందుచే సిర బలపడును.

చిక్కు కూడ ఇక్కడనే యున్నది. కాలువగట్టును లోపలివైపున మట్టిపోసి బలపరచినచో గట్టు నిలుచును గాని కాలువ ఇరుకగును. ఇరుకైన సిరలో క్రమముగ కొవ్వు పేరుకొనును. గుండెకు కుట్టిన కాలిసిరలలో పదేండ్లకు సుమారు సగము మూసికొనిపోవును. రొమ్ములోని ధమనిని వాడినచో పదింట తొమ్మిది నిలుచును. సిరల గుర్తయిన ఎఫ్-బి4 అను ప్రోటీను అతికిన సిరలో తగ్గును. ధమనుల గుర్తయిన ఎఫ్రిన్-బి2 మాత్రము పెరుగదు. అనగా సిర తన స్వభావమును వదలును గాని ధమని కాజాలదు.

కనుక నేటి వైద్యులు సిరను చుట్టునున్న కొవ్వుతో సహా, ఎక్కువ సాగదీయక తీయుటకు యత్నింతురు. తరువాత ఆస్పిరిన్, కొలెస్టరాల్ తగ్గించు మందులు ఇత్తురు, పొగ మానుమందురు. శస్త్రచికిత్స ముగిసినను సిరలోని మార్పు ముగియదు. అది ఏండ్ల తరబడి సాగును. మందులు మానరాదని వైద్యులు పదేపదే చెప్పుటకు ఇదే కారణము.