అట్టపెట్టె: దాని పుట్టుక, దాని అంగములు



ఆమదాలవలసలోని రైలు స్టేషనునకు శ్రీకాకుళం రోడ్డు అని పేరు. 1893–1896 సంవత్సరముల నడుమ తూర్పుతీరపు రైలుమార్గము పడినది. సరకు బండి యెక్కవలెనన్న దానికి తగిన కట్టుబడి కావలెను గదా! ధాన్యమునకు గోనె, పండ్లకు గంప, గాజుసామానునకు గడ్డి పరచిన కొయ్యపెట్టె. ఆ కొయ్యపెట్టె స్థానమును నేడు చాలవరకు అట్టపెట్టె ఆక్రమించినది. అంగడి వెనుక పారవేయు వస్తువునకు చరిత్ర యేమని తలంపవలదు. రైలు కంపెనీలతో వ్యాజ్యమాడి నెగ్గిన వస్తువిది.

దీని పుట్టుక టోపీలో నున్నది. 1856లో ఇంగ్లండున హీలీ, అలెన్ అను నిరువురు కాగితమును కెరటములవలె ముడిచి టోపీలకు లోపలి అస్తరుగా వాడుటకు పేటెంటు పొందిరి. 1871లో న్యూయార్కున ఆల్బర్టు జోన్సు ఆ ముడుత కాగితమును సీసాలకు, దీపపు చిమ్నీలకు చుట్టవచ్చునని చూపెను. కాని వట్టి ముడుత కాగితము లాగిన సాగిపోవును. 1874లో ఆలివరు లాంగు దానికి చదునైన కాగితము నంటించి ఆ లోపమును తీర్చెను. పలుచని అట్టడబ్బీల కథ వేరు. 1879లో బ్రూక్లినున రాబర్టు గేరు అచ్చుశాలలో, మడతగీటు వేయవలసిన లోహపుబద్ద యొకటి పొరబాటున వేలకొలది సంచులను కోసివేసెను. ఆయన నష్టమునకు వగచుటతో నూరకుండక, కోతయు గీటును ఒక్క దెబ్బతో వేయవచ్చునని గ్రహించెను.

ఒక గట్టి పెట్టెను చించి చూడుడు. వెలుపల నొక చదునుపొర, లోపల నొకటి, నడుమ కెరటపుపొర. గోదాముపై ముడుతరేకు చదునురేకుకన్న బరువు నోర్చుటకు కారణమేదో, ఇచటను అదియే. పెట్టె గోడలలో ఆ కెరటములు నిట్టనిలువుగా స్తంభములవలె నుండును. కావుననే పెట్టెను ప్రక్కకు పడవేసిన ఆ బలము తగ్గును. బరువును ముఖ్యముగా మోయునవి నాలుగు మూలలు. మూలపై మూల చేరునట్లు పేర్చుట ఇందుకే. ఎత్తైన కెరటము, సుమారు 5 మిల్లీమీటర్లది, అదటు నోర్చును. 3 మిల్లీమీటర్ల పొట్టిది నొక్కుడునకు త్వరగా నలగదు. సాధారణపు పెట్టెకు పైన నాలుగు, క్రింద నాలుగు రెక్కలు. పొడవు వైపు రెక్కలు నడుమ కలిసికొనును. పొట్టి రెక్కలు వాని క్రింద దాగి, తరచు కలియకయే యుండును. గోడలను చుట్టి కలుపు నిలువు అతుకు ఒక్కటే. జిగురుతోనో తీగకుట్టుతోనో వేయుదురు.

ఇక వ్యాజ్యము. అమెరికాలో రైలు కంపెనీలు అట్టపెట్టెలలో వచ్చు సరకునకు కొయ్యపెట్టెల సరకుకన్న హెచ్చు కిరాయి గుంజుచుండెను. లాస్ ఏంజిలిసునందలి ప్రిధాము కంపెనీ అంతర్రాష్ట్ర వాణిజ్య సంఘమునకు ఫిర్యాదు చేసెను. 1914లో ఆ భేదము అన్యాయమని తీర్పు వచ్చెను. ఇందు నాకు నచ్చిన దేమనగా, కాగితము గెలిచినను కొలతనుండి తప్పించుకొనలేదు. కొన్ని పెట్టెల అడుగురెక్కపై గుండ్రని ముద్ర యుండును. పెట్టె చేసిన వారెవరో, అది యెంత బరువునకు తగునో అందు వ్రాయుదురు.

మన జిల్లాలోనే, ఇదే మార్గమున, పలాస జీడిపప్పునకు ప్రసిద్ధి. మన దేశపు జీడిపప్పు ఎగుమతిలో చిరకాలపు వాడుక యొకటి కలదు: 25 పౌనుల, అనగా 11.34 కిలోల పప్పు రేకుడబ్బాలో పోసి, అట్టి డబ్బాలు రెండింటిని ఒక అట్టపెట్టెలో నుంచుట. గాలిని, చెమ్మను ఆపునది డబ్బా. ఆ డబ్బా సొట్టపడకుండ కాచునది పెట్టె.

ఈ కావలివానికి పగ చెమ్మయే. వాన తగులకున్నను, తడిగాలి పీల్చిన అట్ట మెత్తబడి బలములో పెద్దభాగము కోల్పోవును. వేసవిలో నాలుగు పెట్టెల మోసినది శ్రావణమున రెండింటికే క్రుంగవచ్చును. మన తీరపు వానకాలములో పెట్టెలను నేలపై నుంచక కొయ్యపలకలపై, గోడకు జానెడు దూరముగా నుంచుడు. అడుగుపెట్టె మూల ఉబ్బినట్లు కనబడిన పైవానిని వెంటనే దింపుడు.