బడిబయటి చదువుకు ఏది కొలత?

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. అప్పటికి ఏడేళ్లుగా అదే రంగారెడ్డి జిల్లా పల్లెల్లో మరో పని సాగుతోంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించే శాంతా సిన్హా, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ తరఫున, జీతాలకు కుదిరిన పిల్లల్ని పనిలోంచి విడిపించి శిబిరాల్లో చదివిస్తున్నారు. సైబరాబాద్ చరిత్ర రాసేవాళ్లకు ఈ సంగతి ఎందుకో గుర్తురాదు.

అంతకుముందు బడిబయటి పిల్లలకు ప్రభుత్వం చూపిన దారి అనియత విద్య. 1979-80లో మొదలైన ఆ పథకంలో పిల్లలు పగలు పని చేసుకోవచ్చు, సాయంత్రం ఓ రెండు గంటలు కేంద్రానికొస్తే చాలు. ఎన్ని కేంద్రాలు తెరిచారు, ఎన్ని పేర్లు రిజిస్టర్లో ఎక్కాయి అన్నవే పైకి వెళ్లే లెక్కలు.

పగలంతా చేలో వంగిన పిల్లకు రాత్రి నాలుగు అక్షరాలు దిద్దించి అదే చదువనడాన్ని ఫౌండేషన్ ఒప్పుకోలేదు. బడికి రాని ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కలోకే వస్తుందని తేల్చింది. దాంతో కొలతా మారింది. ఆ శిబిరాల్లో నడిచే బ్రిడ్జి కోర్సు ముగిశాక పిల్ల తన వయసుకు తగిన తరగతిలో చేరిందా, చేరి నిలిచిందా అని చూడడం మొదలైంది. శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం నాలుగో సెక్షన్‌లో వయసుకు తగిన తరగతి, ప్రత్యేక శిక్షణ రెండూ చేరాయి. ఆ శిక్షణ కనీసం 3 నెలలు. పిల్లల ప్రగతిని మధ్యమధ్యలో అంచనా వేసి రెండేళ్ల దాకా పొడిగించవచ్చు.

సరే, నిలిచింది. చదవడం వచ్చిందా?

ఈ ప్రశ్నను 2005లో ప్రథమ్ సంస్థ అసర్ సర్వేతో ఇంటి గుమ్మం దాకా తెచ్చింది. అక్షరాలు, మాటలు, చిన్న పేరా, రెండో తరగతి స్థాయి కథ: బడికి వెళ్లేవాళ్లకైనా, మానేసినవాళ్లకైనా అదే కాగితం. అంతకంటే సూటి పరీక్ష మరొకటి రాలేదు. అయితే నేర్పగలగడం ఒకటి, అందరికీ అందడం మరొకటి. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో బృందం ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లాలో వలంటీర్ల పఠన శిబిరాలను పరిశీలించి 2010లో ఫలితాలు ప్రచురించింది. వచ్చిన పిల్లలకు చదవడం బాగా పట్టుబడింది. వచ్చిందే 8 శాతం మంది.

ఇక నేటి ఐటీ కారిడార్. గేటెడ్ కమ్యూనిటీల్లో పిల్లలకు సెలవుల కోడింగ్, రోబోటిక్స్ క్లాసులు. చివర సర్టిఫికెట్, ఫొటో. పిల్లవాడు సొంతంగా ఏం చేయగలడో ఆరు నెలల తర్వాత చూసేవాళ్లు అరుదు. ఆ పక్కనే కడుతున్న టవర్ల దగ్గర రేకుల షెడ్లలో ఒడిశా, బిహార్ కూలీల పిల్లలుంటారు. అసర్ ప్రధానంగా పల్లెల సర్వే కాబట్టి వీళ్లకు ఆ కాగితం అందదు. బడిలో నిలిచారా అన్న పాత కొలతా ఇక్కడ తడబడుతుంది. స్లాబులు పూర్తయితే కుటుంబం మరో సైటుకు మారిపోతుంది.

ఇలాంటి పిల్లల కేంద్రాలకు డబ్బిచ్చే కంపెనీలు ఏటా హాజరు పట్టికలు అడుగుతాయి. వాటితోపాటు ఇంకొకటి అడగాలి: సైటు మారిన పిల్ల ఏ స్థాయి దాకా చదవగలదో రాసిన కాగితం, ఆమె చేరబోయే తర్వాతి బడికి అందిందా?