వర్చువల్ మెషీన్ గడియారం ఎవరి చేతిలో ఉంది?

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో 1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు గణితపరంగా నిర్వచించారు. అసలు యంత్రం మీద ప్రోగ్రామ్ ఎలా నడుస్తుందో వర్చువల్ మెషీన్‌లోనూ అలాగే నడవాలి, తేడా కనబడకూడదు అన్నది వాళ్ల ముఖ్యమైన షరతు. ఆ షరతుకు వాళ్లే రెండు మినహాయింపులిచ్చారు. మెమరీ వంటి వనరులు అసలు యంత్రంలో కన్నా తక్కువ ఉండొచ్చు. సమయం మీద ఆధారపడే విషయాల్లో కూడా తేడా రావచ్చు. ఆ రెండో మినహాయింపు చూడటానికి చిన్నదే. కానీ వర్చువల్ మెషీన్ గడియారం చరిత్ర మొత్తం అందులోంచే పుట్టింది.

చిక్కు ఎక్కడుందంటే, ఒకే ప్రాసెసర్‌ను ఎన్నో గెస్టులు, అంటే వర్చువల్ మెషీన్లు, వంతులవారీగా వాడుకుంటాయి. తన వంతు అయిపోగానే గెస్ట్ ఆగిపోతుంది, ఆగిన సంగతి దానికి తెలియదు. బయట కాలం మాత్రం నడుస్తూనే ఉంటుంది. మరి గెస్ట్‌లోని గడియారం ఏ కాలాన్ని చూపాలి? బ్యాంకు లావాదేవీకి బయటి కాలం కావాలి. ఒక ప్రోగ్రామ్ ఎంత సేపు పనిచేసిందో కొలవాలంటే గెస్ట్ నిజంగా నడిచిన కాలం కావాలి. ఒక్క గడియారం ఈ రెండూ చెప్పలేదు.

ఈ చిక్కును ముందుగా ఎదుర్కొన్నది ఐబీఎం. 1960ల్లో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్ సైంటిఫిక్ సెంటర్‌లో వర్చువల్ మెషీన్లను నడిపే సీపీ-40, ఆ తర్వాత సీపీ-67 తయారయ్యాయి. 1972లో వీఎం/370 వచ్చింది. సిస్టమ్/370 యంత్రాల్లో 64 బిట్ల గడియారం ఉండేది. 1900 జనవరి 1 నుంచి ఎంత కాలం గడిచిందో అది లెక్కపెడుతుంది. దాన్ని మార్చాలంటే ప్రత్యేక అధికారం కావాలి. చదవడానికి మాత్రం ఏ అనుమతీ అక్కర్లేదు, మామూలు ప్రోగ్రామ్ కూడా చదివేయొచ్చు. అంటే గెస్ట్ గడియారం చూసే క్షణంలో మధ్యలో దూరి వేరే సమయం చెప్పే అవకాశం గెస్టులను నడిపించే సాఫ్ట్‌వేర్‌కు, అంటే హైపర్‌వైజర్‌కు లేదన్నమాట.

దీనికి పరిష్కారం తర్వాత హార్డ్‌వేర్‌లోనే దొరికింది. 1980ల్లో 370-ఎక్స్‌ఏతో వచ్చిన ఏర్పాటులో ప్రతి గెస్ట్‌కూ ఒక వివరాల పట్టిక ఉంటుంది. అందులో ఒక గడిలో సమయపు తేడా రాసిపెడతారు. గెస్ట్ గడియారం చదివినప్పుడల్లా ఆ తేడాను ప్రాసెసరే కలిపి ఇస్తుంది. కలిపేది ఒక్క సంఖ్య. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన ఆలోచన రాలేదని నా అభిప్రాయం. గెస్ట్ తేదీని ఎటు కావాలంటే అటు జరపొచ్చు, హోస్ట్ అనే అసలు యంత్రం గడియారం చెక్కుచెదరదు. ఒకే యంత్రం మీద ఒక గెస్ట్ ఈ రోజు జీతాల లెక్కలు నడుపుతుంటే, పక్కనే మరో గెస్ట్ 2000 జనవరి 1లో ఉండగలదు. అమీర్‌పేటలో కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ కోర్సులు నేర్చుకుని వై2కే (2000 సంవత్సరపు తేదీ సమస్య) పనికోసం అమెరికా విమానమెక్కిన తెలుగు తరానికి ఇలాంటి పరీక్ష ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు.

పీసీ ప్రపంచానికి ఈ అదృష్టం చాలాకాలం లేదు. అక్కడి ఆపరేటింగ్ సిస్టమ్‌లు టిక్కులు లెక్కపెట్టి కాలం తెలుసుకునేవి. టైమర్ చిప్ సెకనుకు ఇన్నిసార్లు అని ఇంటరప్ట్ అనే సంకేతం పంపుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఒక్కో ఇంటరప్ట్‌కూ గడియారాన్ని ఒక్కో అడుగు జరుపుతుంది. గుడి గంటలు లెక్కపెట్టి పొద్దు తెలుసుకునే మనిషి మధ్యలో కునుకు తీస్తే ఏమవుతుంది? 1999లో వీఎంవేర్ వర్క్‌స్టేషన్ వచ్చాక గెస్టులకు సరిగ్గా అదే జరిగింది. వంతు రాక ఆగి ఉన్నప్పుడు వచ్చిన టిక్కులు పోయేవి, గడియారం వెనకబడేది. లైనక్స్ 2.4 సెకనుకు 100 టిక్కులు అడిగితే, 2.6 వచ్చేసరికి అవి 1000 అయ్యాయి. పది గెస్టులున్న హోస్ట్ సెకనుకు పది వేల టిక్కులు పంచాలి. ఆ గెస్టులు ఏ పనీ చేయకుండా ఖాళీగా ఉన్నా సరే.

పోయిన టిక్కులను హైపర్‌వైజర్ దాచి ఉంచి, వంతు రాగానే గబగబా పంపేది. ఇక్కడ ఇంకో తంటా వచ్చింది. కొన్ని లైనక్స్ కెర్నళ్లకు పోయిన టిక్కులను తామే పసిగట్టి సరిచేసుకునే అలవాటు ఉంది. హైపర్‌వైజర్ ఒకసారి, కెర్నల్ ఒకసారి, ఇద్దరూ సరిదిద్దడంతో గడియారం ముందుకు పరుగెత్తేది. గెస్ట్‌లో పెట్టే వీఎంవేర్ టూల్స్‌లోని సమయ సవరణ అప్పట్లో వెనకబడిన గడియారాన్ని ముందుకు జరిపేదే గానీ, ముందుకెళ్లినదాన్ని వెనక్కి తెచ్చేది కాదు. ఆ రోజుల్లో సర్వర్లు చూసుకున్న ఇంజినీర్లు ఏ కెర్నల్‌కు ఏ బూట్ ఆప్షన్ పెట్టాలో జాబితాలు రాసుకుని దగ్గర పెట్టుకునేవాళ్లు. అంత శ్రమకూ మూలం ఒక్కటే. తాను గెస్ట్‌నన్న సంగతి గెస్ట్‌కు తెలియనివ్వకపోవడం.

2003లో కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన జెన్ అనే హైపర్‌వైజర్ ఆ పట్టుదలను వదిలేసింది. గెస్ట్‌కు మూడు కాలాలను విడివిడిగా చెప్పింది. యంత్రం మొదలైనప్పటి నుంచి గడిచిన నిజ కాలం, గెస్ట్ నడుస్తున్నప్పుడు మాత్రమే కదిలే వర్చువల్ కాలం, గోడ గడియారం చూపే కాలం. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే. తర్వాత లైనక్స్‌లో వచ్చిన కేవీఎం అనే హైపర్‌వైజర్ కూడా ఇదే దారి పట్టింది. హోస్ట్, గెస్ట్ ఇద్దరూ చూడగలిగే ఒక మెమరీ పేజీలో లెక్క కట్టడానికి కావలసిన సంఖ్యలు ఉంచితే, గెస్ట్ ప్రాసెసర్‌లో నిరంతరం పెరిగే కౌంటర్‌ను చదివి సమయాన్ని తానే తేల్చుకుంటుంది. టిక్కులు లెక్కపెట్టే పని తప్పిపోయింది. 2005లో ఇంటెల్ వీటీ-ఎక్స్ రావడంతో కౌంటర్‌కు ఆఫ్‌సెట్ కలిపే వీలు హార్డ్‌వేర్‌లోనే వచ్చింది. ఐబీఎం పాత ఉపాయం పీసీలకూ చేరింది.

గడియారాన్ని సరిగ్గా ఉంచడం ఒక పని. కావాలని మార్చడం ఇంకో పని. 2006లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు జెన్‌లో కాలాన్ని సాగదీశారు. బయట పది సెకన్లు గడిస్తే గెస్ట్‌కు ఒకటే గడిచినట్టు చూపితే, గెస్ట్ దృష్టిలో 1 గిగాబిట్ నెట్‌వర్క్ 10 గిగాబిట్లది అయిపోతుంది. కొనలేని నెట్‌వర్క్ మీద ప్రయోగం చేయడానికి దారి దొరికింది. వర్చువల్‌బాక్స్‌లో గెస్ట్ బయోస్ గడియారాన్ని మిల్లీసెకన్ల లెక్కన ముందుకో వెనక్కో జరిపే ఆప్షన్ ఉంది. క్యూఈఎంయూలో మొదలయ్యే తేదీని నేరుగా ఇవ్వొచ్చు. ఫిబ్రవరి 29న, సర్టిఫికెట్ గడువు ముగిసే రాత్రి మన ప్రోగ్రామ్ ఏం చేస్తుందో ముందే చూడాలంటే ఇంతకంటే సురక్షితమైన చోటు లేదు.

మార్చిన తేదీ నిలబడటం మాత్రం అంత తేలిక కాదు. వీఎంవేర్‌లో సమయ సవరణను ఆపేశామనుకున్నా, ముందు భద్రపరిచిన స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లినప్పుడో, ఆపిన గెస్ట్‌ను మళ్లీ నడిపినప్పుడో హోస్ట్ సమయం వచ్చి కూర్చుంటుంది. పూర్తిగా ఆపాలంటే కాన్ఫిగరేషన్‌లో వేర్వేరు వరుసలు రాయాలి. హోస్ట్ పట్టు ఎంత గట్టిదో 2008 ఆగస్టు 12న బయటపడింది. వీఎంవేర్ హైపర్‌వైజర్ ఈఎస్ఎక్స్ 3.5 అప్‌డేట్ 2లో పొరపాటున మిగిలిపోయిన గడువు తనిఖీ వల్ల ఆ రోజు ఆఫ్ అయి ఉన్న వర్చువల్ మెషీన్లు మళ్లీ లేవలేదు. వీఎంవేర్ అధిపతి పాల్ మారిట్జ్ క్షమాపణ చెప్పారు. సవరణ వచ్చేదాకా చాలామంది చేసిన ఉపాయం హోస్ట్ తేదీని వెనక్కి తిప్పడం. గెస్ట్ లేచేటప్పుడు తేదీని హోస్ట్ నుంచే తీసుకుంటుంది కాబట్టి, లోపలి సర్వర్లకూ పాత తేదీ అంటుకునే ప్రమాదాన్ని నెత్తిన పెట్టుకుని చేసిన పని అది.

ఒకే కెర్నల్‌ను పంచుకునే కంటైనర్లు వచ్చాక కూడా తేదీ మార్చడానికి వర్చువల్ మెషీన్ అవసరం తీరలేదు. 2020లో లైనక్స్ 5.6తో టైమ్ నేమ్‌స్పేస్ వచ్చింది గానీ, అది యంత్రం ఎంత సేపటి నుంచి నడుస్తోందో చెప్పే గడియారాలను మాత్రమే విడదీస్తుంది. తేదీ అందరికీ ఒక్కటే. మొత్తం వ్యవస్థకు సొంత తేదీ కావాలంటే ఇప్పటికీ వర్చువల్ మెషీన్ దగ్గరికే రావాలి.

ఇక మిగిలింది, నడుస్తున్న గెస్ట్‌ను ఆపకుండా ఒక హోస్ట్ నుంచి మరో హోస్ట్‌కు మార్చేటప్పటి ఇబ్బంది. రెండు ప్రాసెసర్ల కౌంటర్ల వేగం ఒకటి కాదు. అప్పటిదాకా గెస్ట్ ఓపిగ్గా కట్టుకున్న లెక్క ఒక్క క్షణంలో చెల్లకుండా పోతుంది. 2010లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం బృందం ఈ సమస్యను చూపించి, ప్రతి గెస్ట్ విడిగా గడియారం సరిచేసుకునే బదులు హోస్ట్ ఒక్కటే సరిచేసి అందరికీ పంచాలని వాదించింది. తర్వాత క్లౌడ్ సంస్థలు పోయిన దారి కూడా దాదాపు అదే. 2017లో లైనక్స్ 4.11తో, కేవీఎం గెస్ట్ హోస్ట్ సమయాన్ని నేరుగా అడిగే డ్రైవర్ వచ్చింది. ఇటీవల లైనక్స్‌లో చేరిన వీఎంక్లాక్ ఇంకో అడుగు ముందుకేసింది. సమయం చెప్పడంతో పాటు అందులో ఒక గుర్తు సంఖ్య ఉంటుంది. గెస్ట్ మరో హోస్ట్‌కు మారగానే ఆ సంఖ్య మారుతుంది. అది చూసిన డేటాబేస్, గడియారం మళ్లీ కుదురుకునేదాకా సమయాన్ని నమ్మి ఏ లావాదేవీనీ ఖరారు చేయకుండా ఆగగలదు.