కళ్లంలో మేర నుంచి నెలజీతం దాకా
ఆంధ్ర ప్రాంతపు గ్రామాలలో లెక్కలు రాసే కరణానికి, కావలి కాసే తలారికి, చెరువు నీటిని పొలాలకు పంచే నీరటికాడికి పూర్వం ప్రతిఫలం ప్రధానంగా రెండు రూపాలలో అందేది: శిస్తు లేకుండా గాని, తక్కువ శిస్తుతో గాని అనుభవించే సేవా ఇనాం భూమి ఒకటి కాగా, కోతలయ్యాక రైతులు కళ్లంలోనే కొలిచి ఇచ్చే ధాన్యపు వాటా, అంటే మేర, రెండవది. పదవితో పాటు భూమి కూడా వారసులకు సంక్రమించడం వల్ల కుటుంబానికి భరోసా నిలిచేది గాని, పంట ఎండిన ఏడు మేర తరిగిపోయేది, ఇతరులకు ఆ పదవి అందకుండా పోయేది. బ్రిటిష్ పాలనలో నగదు జీతాలు క్రమంగా వచ్చినా, 1895 నాటి మద్రాసు చట్టం వారసత్వ హక్కును గుర్తించింది. 1984లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం తరతరాలుగా వంశపారంపర్యంగా సాగుతూ వచ్చిన గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేయడంతో, పుట్టుకతో వచ్చే పదవికి కాక చేసే పనికే జీతమన్న న్యాయమైన సూత్రం గ్రామ పాలనలో స్థిరపడింది.