కదలెడి యిల్లు, నిలిచిన నీడ

మానవునకు ఒకదానితో నొకటి పొసగని కోరికలు రెండు కలవు. క్రొత్త చోటులు చూడవలెననునది యొకటి. తన పడకమీదనే పండుకొనవలెననునది రెండవది. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు అతడు చేసిన ప్రయత్నములలో చక్రములమీది యిల్లు ఒకటి. పడక, పొయ్యి, నీళ్ల తొట్టి, దీపము, మరుగుదొడ్డి మున్నగునవన్నియు ఒక్క మోటారు వాహనములోనే యిమిడ్చిన యీ యింటిని పాశ్చాత్యులు మోటారు హోమ్ అందురు. మనవారు కారవాన్ అని వ్యవహరించుచున్నారు. పేరు క్రొత్తదే గాని కోరిక ప్రాతది. అట్టి బండిని సుఖముగా నడుపుకొనుట యెట్లు, చెడకుండ కాపాడుకొనుట యెట్లు అను ప్రశ్నకు మన తాతముత్తాతలును తమ కాలమునకు తగిన సమాధానములు చెప్పియుండిరి.

ఆ సమాధానములను వెదకుటకు చేవెళ్ల దారి మిక్కిలి అనువైనది. హైదరాబాదునకు పడమటి దిక్కున, పోలీసు అకాడమీ కూడలి యొద్ద బయలుదేరి, మొయినాబాదు, చేవెళ్లల మీదుగా మన్నెగూడ చేరు 46 కిలోమీటర్ల యీ మార్గమును ప్రజలు బీజాపూరు రోడ్డని పిలుతురు. నేడది 163వ జాతీయ రహదారిలో భాగము. దానికి ఒక ప్రక్క ఉస్మాన్‌సాగరు, మఱియొక ప్రక్క హిమాయత్‌సాగరు; ముందునకు పోయిన అనంతగిరి కొండలు. దారి పొడవునను ఇరుప్రక్కల సుమారు తొమ్మిది వందల మఱ్ఱిచెట్లు ఊడలు దించి నిలిచినవి. నిజాము ప్రభువుల కాలమున నాటినవని పెద్దలు చెప్పుదురు. ప్రయాణ సౌఖ్యములో బండి వంతెంత, బాట వంతెంత అను లెక్కను ఈ మఱ్ఱుల క్రింద నిలిచి చూచుకొనవచ్చును.

పదునేడవ శతాబ్దమున గోలకొండకు పలుమాఱులు వచ్చిన ఫ్రెంచి రత్నవర్తకుడు తావెర్నియే, 1676లో ప్రకటింపబడిన తన యాత్రాగ్రంథమున, మన దేశపు ప్రయాణపు బండ్లను గూర్చి శ్రద్ధగా వ్రాసియున్నాడు. ఆ బండ్లకు తెరలును, పరుపులును ఉండెనట. ఇద్దఱు కూర్చుండుటకు చాలినను, సుఖము కోరువారు ఒక్కరే యెక్కి, మిగిలిన చోట బట్టల పెట్టెను, పానీయములను ఉంచుకొనెడివారట. సూరతు నుండి ఆగ్రాకు ముప్పదియైదు నలువది దినముల ప్రయాణము. బండికి బాడుగ దినమున కొక రూపాయి. సూరతు నుండి గోలకొండకును దాదాపు అంతే దూరము, అంతే బాడుగ.

అయితే తావెర్నియే చూపు పరుపులకంటె ఎద్దులమీద నెక్కువగా నిలిచినది. మధ్యాహ్నము గోధుమపిండిని వెన్నతోను, నల్లబెల్లముతోను కలిపి చేసిన ముద్దలు రెండు మూడు పెట్టెడివారనియు, సాయంకాలము శనగలు నలుగగొట్టి నానవేసి తినిపించెడివారనియు అతడు వ్రాసెను. రాళ్లకును, ఎండకును గిట్టలు చెడకుండ నాడెములు కొట్టించు వాడుకయు నుండెను. తన బండి యెద్దుల జతకు అతడు ఆఱువందల రూపాయలకు దగ్గరగా వెచ్చించినాడు. దినమునకు రూపాయి బాడుగ గల కాలమున ఆఱువందలనగా ఎంత ధనమో చదువరులే యూహింపవచ్చును. బండిని లాగు శక్తిని ముందు పోషింపవలెను, పరుపులు తరువాత అనునది ఆనాటి యెఱుక.

మన పల్లెలలోని గూడు బండిలోను ఇదే క్రమము కానవచ్చును. వెదురు బద్దలను వంచి కట్టిన గూడు, దానిపై చాప, లోపల మెత్తగా పఱచిన వరిగడ్డి, గడ్డిమీద జంపఖానా, అడుగున వ్రేలాడు లాంతరు, ప్రక్కన చేద, తాడు. పెండ్లికి పోవు ఆడువారును, జాతరకు పోవు పిల్లలును రాత్రియంతయు అందులోనే నిదురించెడివారు. ఆ నిద్రకు కారణము జంపఖానా కాదు. బయలుదేరుటకు ముందు బండి యజమాని చేసిన పని.

బండికి ఇరుసు ప్రాణము. గడ్డి మసిని ఆముదముతో కలిపి కందెన చేసి, చీల తీసి, చక్రమును జరిపి, ఇరుసునకు పట్టించెడివారు. కందెన యెండిన బండి కిఱ్ఱుమనును, ఎద్దు అలయును, లోపలివారికి నిద్ర చెడును. వేసవిలో కఱ్ఱ యెండి ఆకులు సడలినచో, చక్రమును చెఱువు నీట నానబెట్టెడివారు. అప్పటికిని బిగియనిచో కమ్మరి కొలిమికి తీసికొనిపోయెడివారు. చక్రపు చుట్టుకొలత కంటె కొంచెము తక్కువగా చేసిన ఇనుప పట్టాను పిడకల మంటలో ఎఱ్ఱగా కాల్చి, చక్రమునకు తొడిగి, వెంటనే నీళ్లు పోసెడివారు. ఇనుము ముడుచుకొని పుట్టీలను, ఆకులను ఒక్కటిగా బిగించును. బరువు సర్దుటలోను మెలకువ యుండెను. ముందునకు బరువైన కాడి యెద్దు మెడను నొక్కును; వెనుకకు బరువైన నొగలు పైకి లేచి, మెడపట్టెడ గొంతును బిగించును. బిడ్డను ఎచట పండుకొనబెట్టవలెనో, బియ్యపు మూట ఎచట పెట్టవలెనో బండివాడే చెప్పెడివాడు. ఇంటి యజమానియైనను అతని మాట జవదాటెడివాడు కాడు.

ధనికుల యాత్రలు ఇంకొక విధముగా సాగెను. చెన్నపట్టణపు సుప్రీము కోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, హైదరాబాదు మీదుగా పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి యిల్లు చేరిరి. ఆయన తెలుగున వ్రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చైనది. ఆయన పల్లకిలో పోయెను. డేరాలు, సామగ్రి, పరివారము వెంట నడచెను. అనగా ఇల్లు ఒక్క బండిలో లేదు. పలువురి భుజములమీద విడివిడిగా నడచి, ప్రతి మజిలీయందును సాయంకాలమునకు మరల ఇల్లైనది.

ఈ రెండు విధముల ప్రయాణములకును సామాన్యమైన సంగతి యొకటి గలదు. ఏ బండియు, ఏ పల్లకియు అన్నియు తనలో మోసికొని పోలేదు. నీరు దారి ప్రక్క బావిది, వసతి సత్రముది, సరాయిది, నీడ చెట్టుది. బాటకు మఱ్ఱిని ఎన్నుకొన్నవారు ఊరక ఎన్నుకొనలేదు. లావుపాటి కొమ్మను నరికి పాతినను అది వేరు తొడుగును. గొడుగువలె విస్తరించును. దాని యాకు విస్తరి యగును, ఊడ పండ్లపుల్ల యగును, కొమ్మ ఎద్దుల పలుపు కట్టుటకు ఉపయోగపడును. మిట్టమధ్యాహ్నము బండి విప్పి మఱ్ఱి క్రింద నిలిపినవానికి ఆ రెండు గడియలు ఆ చెట్టే యిల్లు.

మోటారు వచ్చినప్పటినుండి ఈ లెక్క మాఱినది. బ్రిటనులో గార్డన్ స్టేబుల్స్ అను వైద్యుడు 1885లో వినోదయాత్రకై ప్రత్యేకముగా ఒక ఇల్లుబండిని కట్టించుకొని, దానికి సంచారి యను అర్థము గల పేరు పెట్టెను. దాని బరువు సుమారు రెండు టన్నులు, లాగినవి గుఱ్ఱములు. అమెరికాలో 1910లో పియర్స్ యారో సంస్థ పడకగా మాఱు ఆసనముతో ఒక ప్రయాణపు కారును ప్రదర్శించినది. మన ప్రాంతమున నిజాము ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ఆరంభమైనది. బస్సులో ఇల్లు లేదు. కాని మూడు మజిలీల దూరము ఒక పూటకు తగ్గినది. మధ్యలో విడిది అక్కఱలేనపుడు సరాయి పాడుపడినది, దారి బావి పూడినది. మఱ్ఱి యొక్కటే మిగిలినది.

మన తెలుగునాట చక్రములమీది యింటికి ప్రసిద్ధి తెచ్చినది 1982వ సంవత్సరము. ఆ యేడు మార్చి 29న పార్టీని స్థాపించిన నందమూరి తారక రామారావుగారు ప్రాత షెవర్లే వ్యానునొకదానిని మార్పించి, చైతన్యరథమని పేరిడి, రాష్ట్రమంతయు తిరిగిరి. కుమారుడు హరికృష్ణగారు సారథ్యము వహించిరి. పైన నిలిచి మాటలాడుటకు వేదిక, మైకులు, దీపములు, లోపల విశ్రమించుటకు చోటు అందులో నమర్చిరి. ఆ నెలలలో అదే వారికి కార్యాలయము, అదే యిల్లు. రాజకీయములు ప్రక్కన పెట్టి ప్రయాణశాస్త్రముగా చూచినను అందొక పాఠము గలదు. రథము ఉండియు, ఆయన స్నానము, భోజనము పెక్కుసారులు రోడ్డు ప్రక్కననే జరిగినవి. ఎంత చక్కగా తీర్చిన బండియైనను బాటమీద ఆధారపడక తప్పలేదు. తరువాత 2003 ఏప్రిల్ 9న వై. ఎస్. రాజశేఖరరెడ్డిగారు ఇదే చేవెళ్ల నుండి పాదయాత్రకు బయలుదేరిరి. మండు వేసవిలో కాలినడకన పోవువానికి చెట్టు నీడ యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేడు కారవానును కొన్నవారును, ప్రాత వ్యానును ఇంటిగా మార్చుకొన్నవారును ముందుగా తలచునవి మెత్తని సోఫాలు, రంగుదీపములు. బండివాని క్రమమును వారు జ్ఞప్తికి తెచ్చుకొనుట మంచిది. మొదట చక్రములు. టైర్లలో గాలిని అవి చల్లగా నున్నపుడే కొలువవలెను. నెలల తరబడి కదలక నిలిచిన బండి టైరు పైకి నిగనిగలాడుచున్నను ప్రక్కల పగులును. తరువాత బరువు. రెండు వందల లీటర్ల నీరనగా రెండు వందల కిలోలు. తొట్టి ఎత్తున నుండిన మలుపులో బండి ఒఱగును. కావున దానిని క్రిందుగా, ఇరుసునకు చేరువగా అమర్చవలెను. ఇంజను బ్యాటరీని, ఇంటి దీపముల బ్యాటరీని వేఱుచేసినచో రాత్రి ఫంకా తిరిగినను తెల్లవాఱి బండి కదలును. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కాఱినచో నేలను పట్టియుండును. కనుక దానిని బయటికి పంపు రంధ్రము అడుగుననే యుండవలెను. తొలకరికి ముందు పైకప్పు అతుకులన్నియు చూచుకొనవలెను. ఒక్క బొట్టు చాలు, పలక లోలోపల కుళ్లుటకు.

ఎండ సంగతి చెప్పుచో చేవెళ్ల దారి మరల గురుతు వచ్చును. రేకు కప్పు గల యింటిని ఏప్రిల్ ఎండలో నిలిపిన అది పొయ్యిమీది పెనమగును. మఱ్ఱి క్రింద నిలిపిన గది యగును. కాని కప్పుమీద సౌర పలకలు బిగించినవారికి నీడలో విద్యుత్తు పుట్టదు. బండి నీడలో, పలక యెండలో నుండునట్లు పొడవైన తీగతో విడి పలకను అమర్చుకొనుట ఇందుకు తగిన ఉపాయము. ఎత్తయిన బండి గలవారు వ్రాలిన కొమ్మలను చూచి నడుపుటయు అవసరము. ఇక వాడిన నీటి మాట. మూసీ వఱద 1908లో నగరమును ముంచిన పిమ్మట కట్టిన ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వాని పరీవాహమును కాపాడుటకు 1996లో 111వ ప్రభుత్వోత్తర్వు 84 గ్రామములకు కట్టడులు విధించినది. 2022లో వానిని తొలగించు ఉత్తర్వు వెలువడినను, నీరు పల్లమునకే పాఱును. మొయినాబాదు పొలములలో తొట్టిని తెఱచి మురుగు వదలిన యాత్రికుడు ఒక పట్టణపు చెఱువులోనికే వదలినవాడగును.

తుదకు ఆ మఱ్ఱుల సంగతి. రోడ్డును వెడల్పు చేయుటకు వానిని తొలగింపవలెనను ప్రతిపాదన వచ్చినది. చెట్లను ప్రేమించువారు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించిరి. ఇంతలో 2025 నవంబరు 3న మీర్జాగూడ వద్ద కంకర లారీయు, ఆర్.టి.సి. బస్సును ఢీకొని 19 మంది ప్రాణములు కోల్పోయిరి. ఇఱుకు బాటలో ప్రాణము పోగొట్టుకొన్నవారి కుటుంబముల యెదుట నీడను గూర్చి మాటలాడుట తేలిక కాదు. మాటలాడకుండుటయు న్యాయము కాదు. వారికి కావలసినది సురక్షితమైన దారి. బస్సు కొఱకు నిలిచిన ముసలమ్మకును, కూరగాయల బుట్ట దించిన రైతునకును కావలసినది చెట్టు. వెడల్పయిన బాటయు, నిలిచిన మఱ్ఱియు రెండును సాధించుటకు వలయు బుద్ధిని, ధనమును వెచ్చించుటయే పరిష్కారము.

పూర్వులు సుఖమును బాటప్రక్క నాటిరి. దారిన పోవు ప్రతివానికిని అది దక్కినది. మనము సుఖమును బండిలోపల బిగించుకొంటిమి. అది తాళముచెవి గలవానికి మాత్రమే దక్కును. రెంటినిని కాపాడుట నేర్చినవాడే నిజమైన యాత్రికుడు. ఇరుసునకు కందెన పెట్టుట ఎట్లు యజమాని ధర్మమో, దారిచెట్టు మొదట నిప్పు రాజేయకుండుటయు, మురుగు పోయకుండుటయు అట్లే ధర్మము. బండి పదియేండ్లకో ఇరువదియేండ్లకో ప్రాతబడును. మఱ్ఱి మన మనుమల బండికిని నీడ నీయగలదు.