పని మీద కన్ను

1911 ఆగస్టు 10. అమెరికాలో బోస్టన్ పక్కనే ఉన్న వాటర్‌టౌన్ సైనిక కర్మాగారం. అక్కడి ఫౌండ్రీలోకి డ్వైట్ మెరిక్ అనే మనిషి స్టాప్‌వాచ్‌తో వచ్చాడు. మూటలు మోసే జంతువుల జీనుకు బిగించే ఒక లోహపు భాగానికి మోల్డర్ ఇసుకలో అచ్చు కడుతున్నాడు. అతని చెయ్యి ఎటు కదిలినా ఎన్ని సెకన్లు పట్టిందో మెరిక్ రాసుకున్నాడు. చివరికి అది 24 నిమిషాల పని అని తేల్చాడు. మెరిక్‌కు తెలియకుండా ఇంకో మోల్డర్ తన మామూలు గడియారంలో అదే పనిని చూసుకున్నాడు. అతని లెక్కకు వచ్చింది 50 నిమిషాలు.

ఆ సాయంత్రం మోల్డర్లంతా ఒకచోట కూడి అర్జీ రాశారు. ప్రభుత్వానికి ఎప్పుడూ తమ శక్తికొద్దీ మంచి పనే చేసిపెట్టామని, అలాంటి తమ మీద గడియారం పెట్టడం అవమానమని, ఇక ఓర్చుకోలేమని దాని సారాంశం. మర్నాడు జోసెఫ్ కూనీ అనే మోల్డర్ తన పనిని గడియారంతో కొలవడానికి ఒప్పుకోలేదు. అతన్ని పనిలోంచి తీసేశారు. మిగతావాళ్లు పనిముట్లు కిందపెట్టి బయటికి నడిచారు. సమ్మె వారం రోజులు సాగింది.

పనిని గడియారంతో కొలిచే ఈ కొత్త పద్ధతిలో చురుగ్గా పనిచేసినవాడికి మామూలు కూలి మీద బోనస్ కూడా వస్తుంది. అయినా వాళ్లు సమ్మెకు దిగారు. అందుకే ఈ చిన్న సమ్మెను చరిత్రకారులు ఇప్పటికీ తిరగేస్తూ ఉంటారు. ఏళ్ల తరబడి చేతుల్లో ఉన్న పనిని, అచ్చు కట్టడం రాని మనిషి కొన్ని గంటల్లో కొలిచి ఇదీ లెక్క అని చెప్పడం వాళ్లను బాధించింది. పైగా ఆ లెక్కను తప్పని నిరూపించే దారి వాళ్లకు లేదు.

ఈ పద్ధతికి మూలపురుషుడు ఫ్రెడరిక్ టేలర్. సమ్మె తర్వాత అమెరికా ప్రతినిధుల సభ ప్రత్యేక కమిటీ వేసి విచారణ జరిపింది. 1912 జనవరిలో టేలర్ ఆ కమిటీ ముందు కూర్చుని తన సిద్ధాంతాన్ని రోజుల తరబడి సమర్థించుకోవాల్సి వచ్చింది. 1915 నుంచి సైనిక బడ్జెట్ చట్టాల్లోనే ఒక షరతు చేర్చారు: ఆయుధ కర్మాగారాల్లో స్టాప్‌వాచ్‌తో పనిని కొలవడానికి ప్రభుత్వ సొమ్ము ఖర్చుపెట్టకూడదు. ఆ నిషేధం 1949 వరకూ నిలిచింది.

పనివాడి మీద నిఘా టేలర్‌తో మొదలైంది కాదు. స్కాట్లాండ్‌లోని న్యూ లానార్క్ నూలు మిల్లుల నిర్వహణను రాబర్ట్ ఓవెన్ 1800లో చేపట్టాడు. ప్రతి పనివాడి దగ్గరా నాలుగు పలకల చిన్న చెక్కముక్క వేలాడదీయించాడు. ఒక్కో పలకకు ఒక్కో రంగు: నలుపు, నీలం, పసుపు, తెలుపు. నిన్నటి పని బాగాలేకపోతే నల్ల పలక ముందుకు తిరిగి ఉంటుంది, ఎంతో బాగుంటే తెల్లది. మేస్త్రీలు వాటిని తిప్పేవారు, ఆ వివరం పుస్తకాలకూ ఎక్కేది. ఓవెన్ మిల్లులో నడుస్తూ చెక్కను చూసేవాడు, తర్వాత మనిషిని చూసేవాడు, మాట్లాడకుండా ముందుకు సాగేవాడు. మొదట్లో నలుపు ఎక్కువగా కనిపించేదని, క్రమంగా పసుపు, తెలుపు పెరిగాయని ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు.

పదిమందిలో ఒక మనిషి ముందు నల్లరంగు వేలాడటం చిన్న బాధ కాదు. కానీ ఓవెన్ పద్ధతిలో ఒక వెసులుబాటు ఉంది. రంగు అన్యాయంగా తిప్పారని అనిపిస్తే పనివాడు నేరుగా ఓవెన్ దగ్గరికి వెళ్లి చెప్పుకోవచ్చు. వాటర్‌టౌన్ మోల్డర్లకు లేనిది ఇదే. ఆ తర్వాత వచ్చిన ప్రతి నిఘా పరికరాన్నీ ఈ ఒక్క విషయంతో తూచి చూడాలి.

ఫౌండ్రీ సమ్మె జరిగిన మరుసటి ఏడాదే పనిచోటికి సినిమా కెమెరా వచ్చింది. రోడ్ ఐలండ్ రాష్ట్రం ప్రావిడెన్స్‌లోని న్యూ ఇంగ్లండ్ బట్ కంపెనీలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ పనివాళ్లను ఫిల్ము తీశాడు. సెకనులో చిన్న భాగాలను కూడా చూపే గడియారాన్ని ఫ్రేములో కనబడేలా పెట్టాడు. గడియారం పట్టుకున్న మనిషి పొరబడవచ్చు, పక్షపాతం చూపవచ్చు, ఫిల్ము అలా చేయదని గిల్‌బ్రెత్ దంపతుల వాదం. ఫిల్మును పనివాడు కూడా చూడవచ్చనే మాటలో కొంత న్యాయం ఉంది. కానీ ఏ కదలిక అవసరం, ఏది వృథా అని తేల్చేది మాత్రం యాజమాన్యం పిలిపించిన నిపుణుడే.

ఇప్పుడు ప్రతి దుకాణంలో కనిపించే సీసీ కెమెరా తొలిరూపాల్లో ఒకటి పనివాళ్ల కోసం పుట్టలేదు. 1942లో జర్మనీలోని పీనముండేలో రాకెట్ ప్రయోగాలను ప్రమాదం లేనంత దూరం నుంచి చూడటానికి వాల్టర్ బ్రూఖ్ దాన్ని అమర్చాడు. తర్వాత అది బ్యాంకులకు, దుకాణాలకు చేరింది. దొంగల కోసం పెట్టిన కెమెరా కొన్నాళ్లకు కౌంటరు లోపలివైపు తిరిగింది.

అది ఎంతదాకా వెళ్లగలదో అదే జర్మనీ 2008లో చూసింది. లిడ్ల్ సూపర్‌మార్కెట్లలో ప్రైవేటు డిటెక్టివ్‌లు చిన్న కెమెరాలు పెట్టి సిబ్బంది మీద రాసిన నివేదికలను స్టెర్న్ పత్రిక బయటపెట్టింది. ఎవరు ఎన్నిసార్లు మరుగుదొడ్డికి వెళ్లారో, ఎవరికి ఎవరితో ప్రేమ వ్యవహారముందో కూడా వాటిలో ఉంది. కంపెనీకి మొత్తం 14 లక్షల యూరోలు దాటి జరిమానా పడింది. స్పెయిన్ సూపర్‌మార్కెట్ క్యాషియర్ల మీద 2009లో పెట్టిన రహస్య కెమెరాల కేసు యూరప్ మానవ హక్కుల కోర్టుకు వెళ్తే, 2018లో సిబ్బంది గెలిచారు, 2019లో పెద్ద ధర్మాసనం ఆ తీర్పును తిప్పేసింది. దొంగతనం జరుగుతోందన్న గట్టి అనుమానం, కెమెరాలు పెట్టింది కొద్ది రోజులే కావడం యాజమాన్యానికి కలిసొచ్చాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కన్ను ఫోనులోంచి కూడా వచ్చింది. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ టీచర్లను ముఖం గుర్తించే యాప్‌లో హాజరు వేయమన్నారు. సొంత ఫోను ఎందుకు వాడాలి, సిగ్నల్ అందకపోతే బాధ్యత ఎవరిది అని ఉపాధ్యాయ సంఘాలు నిలదీశాయి. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి నుంచి ప్రతి పనిచోటా కూలీల పనిని చూసుకునే మేట్ రోజుకు రెండు ఫొటోలు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఎండలో మట్టి తవ్వేవాళ్లు పొద్దున్నే పని ముగించుకున్నా రెండో ఫొటో కోసం మళ్లీ రావాల్సి వచ్చేది. ఫొటో ఎక్కకపోతే మస్టరులో, అంటే హాజరు పట్టీలో, హాజరు పడేది కాదు, హాజరు లేనిదే కూలి వచ్చేది కాదు. ఆ ఏడాది ఈ యాప్‌ను వ్యతిరేకిస్తూ ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూలీలు వారాల తరబడి ధర్నా చేశారు.

దొంగ మస్టర్లను ఆపడానికే యాప్ అన్నారు. దొంగ మస్టర్లు నిజంగానే ఉన్నాయి, వాటివల్ల నష్టపోయింది కూడా కూలీలే. కానీ 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే ఒక సర్క్యులర్‌లో లోపాలను ఒప్పుకుంది: పనికి సంబంధం లేని ఫొటోలు, ఫొటోకు తీసిన ఫొటోలు యాప్‌లోకి ఎక్కుతున్నాయి. ఫొటోలను మళ్లీ మనుషులే సరిచూడాలని ఆదేశించింది. అక్రమం చేసేవాడికి యాప్‌లో సందు దొరికింది. నిజంగా గునపం పట్టినవాళ్లకు సిగ్నల్ పోయిన రోజు కూలి పోయింది.

పనిచోట కెమెరా అసలే వద్దని కాదు. దాన్ని ఎక్కడ పెడుతున్నారో, ఎన్నాళ్లు దాచుకుంటారో, ఎవరు చూస్తారో ముందే సిబ్బందికి చెప్పాలి. అందులో పడినదాన్ని తప్పని చెప్పుకోవడానికి ఒక మనిషి, ఒక గడువు ఉండాలి. రెండు వందల ఏళ్ల కిందట ఒక మిల్లు యజమాని ఇవ్వగలిగిన ఈ అవకాశాన్ని ఇప్పటి ప్రభుత్వాలు, కంపెనీలు చట్టంలోనే రాసి ఇవ్వాలి.